కొంగున కట్టిన బెల్లం

చెవిపెట్టెలు వచ్చిన కొత్తలో స్వర్ణపత్ర పొగాకు కంపెనీ చేసిన మొట్టమొదటి పని వాటి మీద దుప్పట్లు కప్పడం.

శ్వాస చట్టం వచ్చాక పొగాకు ముట్టుకునే ప్రతి చోటా ప్రభుత్వం ఒక పెట్టె బిగించింది. గ్రేడింగ్ షెడ్డులో, సిగరెట్ ఫ్యాక్టరీలో, చివరికి సిగరెట్లు అమ్మే బంకులో కూడా. చూడటానికి టిఫిన్ డబ్బా అంత ఉంటుంది. గోడ మీద కూర్చుని మనుషుల దగ్గు వింటుంది. అన్నం పొలమారితే వచ్చే దగ్గు వేరు, ఛాతీ అడుగు నుంచి వచ్చే దగ్గు వేరు అని దానికి తెలుసు. రోజుకు ఎన్ని విన్నదో ఎర్ర అంకెల్లో చూపించి, అదే అంకెను రాజధానికి పంపుతుంది. రెండేళ్ళలో ఆ అంకె సగానికి పడిపోకపోతే ఆ చోటుకి తాళం, కంపెనీకి లైసెన్సు రద్దు.

రోగం తగ్గితే దగ్గు తగ్గుతుందని చట్టం రాసినవాళ్ళు అనుకున్నారు. రోగాన్ని ఉన్నచోటే ఉంచి దగ్గును మాత్రం మాయం చేసే ఘనులు ఈ లోకంలో ఉంటారని పాపం వాళ్ళకు తట్టలేదు.

దుప్పట్ల సంగతి వారంలో బయటపడింది. తర్వాత కంపెనీ కోర్టుకెళ్ళింది. అక్కడ పని కాకపోయేసరికి పొగాకు రైతుల్ని లారీల్లో ఎక్కించి రాజధాని రోడ్ల మీద కూర్చోబెట్టింది. మొన్నటి వేలంలో ఆకు బాగాలేదని ఆ రైతుల బేళ్ళను తిప్పి పంపినవాళ్ళే, మా రైతన్న ఏమైపోవాలి అని టీవీల్లో కళ్ళు తుడుచుకున్నారు. ఆ పైన ఒక ప్రొఫెసర్‌ని పట్టుకొచ్చారు. ఆ మహానుభావుడు మూడొందల పేజీల నివేదిక రాసి, దగ్గడం ఈ ప్రాంతపు జనం తరతరాల అలవాటని, అది ఒకరకమైన పలకరింపని తేల్చాడు. చిన్నపిల్లలకు 'శ్వాసే సంపద' అని రాసిన బనియన్లు తొడిగి పరుగు పందెం పెట్టించారు. బనియన్ల వెనుక కంపెనీ గుర్తు ఉంది. ఇవన్నీ ప్రజాసంబంధాల డైరెక్టర్ నరహరిగారి బుర్రలో పుట్టినవే. ఆయన ఎంత బుర్ర ఖర్చు పెట్టినా షెడ్డు గోడ మీది అంకె మాత్రం కదల్లేదు.

ఆరునెలల తర్వాత నరహరిగారి మొహాన నవ్వు పూయించినవాడు డాక్టర్ మాలకొండయ్య.

మాలకొండయ్య కంపెనీ ప్రయోగశాలలో పెద్ద రసాయన శాస్త్రవేత్త. కందుకూరు దగ్గర ఒక పల్లెలో పుట్టి, గ్రేడింగ్ షెడ్డులో ఆకు ఏరిన తల్లి కూలితో చదువుకుని పైకొచ్చాడు. ఆఫీసులో అందరికీ అతను 'డాక్టర్ ఎమ్‌కే'. ఆ పేరుతో పిలిస్తే పల్లె వాసన రాదని అతనికో నమ్మకం.

ఆ ఉదయం అతను నరహరిగారిని రెండు గాజు పెట్టెల ముందు నిలబెట్టాడు. ఒక్కో పెట్టెలో ఒక గినీ పంది. రెండింటిలోకీ నిమ్మ ఉప్పు కలిపిన ఆవిరి వదిలాడు. ఎడమ పెట్టెలోది ఒళ్ళంతా ఎగిరిపడేలా దగ్గింది. కుడి పెట్టెలోది అదే ఆవిరి పీలుస్తూ తాపీగా క్యాబేజీ ఆకు నమిలింది.

"దీనికేం పెట్టారు?" అన్నాడు నరహరి, గాజుకి ముక్కు ఆనించి.

"పొగాకు పూల మీద జిగురుంటుంది కదండీ, దాన్లోంచి తీసిన పదార్థం. గొంతులో గానీ గాలిగొట్టంలో గానీ ఏదన్నా అడ్డం పడితే మెదడుకి కబురు చెప్పే నరాలుంటాయి. ఇది వాటిని నిద్రపుచ్చుతుంది. ఒక్కసారి తింటే నలభై రోజులు."

"రుచి?"

"తీపిలో కలిపితే తెలియదండీ."

నరహరి చాలాసేపు ఆ గినీ పంది వైపే చూశాడు. సొంత మనవణ్ణి కూడా ఆయన అంత ప్రేమగా చూసి ఉండడు. ఆ పదార్థానికి అక్కడే 'నెమ్మది' అని పేరు పెట్టాడు. ముందు షెడ్డులో వాడి అంకె దించుదాం, లైసెన్సు నిలబెట్టుకుందాం, తర్వాత సిగరెట్ ఫిల్టర్లో పెట్టి దేశమంతా దగ్గులేని సిగరెట్ అమ్ముదాం అన్నాడు.

అమ్మ కోసమే ఈ పరిశోధన మొదలుపెట్టానని మాలకొండయ్య తనకు తాను చెప్పుకునేవాడు. అది అబద్ధం కాదు, అట్లాగని పూర్తి నిజమూ కాదు.

అతని తల్లి అంకమ్మకు అరవై ఆరేళ్ళు. కంపెనీ క్వార్టర్స్‌లో కొడుకు దగ్గరే ఉంటుంది. అయినా పొద్దున్నే సద్ది గిన్నె పట్టుకుని షెడ్డుకు పోతుంది. కొడుకు పెద్ద ఆఫీసరయ్యాక నీకీ కూలిపనేంటని అతను ఎన్నోసార్లు పోరాడు. "నీ సోఫాలో కూర్చుంటే నా మోకాళ్ళు బిగుసుకుపోతయ్యిరా" అనేది ఆవిడ. నలభై ఐదేళ్ళు పొగాకు నుసి పీల్చిన ఛాతీ అది. ఆవిడ దగ్గితే వంటింట్లో గిన్నెలు కదిలినట్టుండేది.

షెడ్డులో ఒక ఆచారం ఉంది. పని దిగే వేళకు మేస్త్రీ ఒక్కో మనిషికీ నిమ్మకాయంత బెల్లం ముక్క ఇస్తాడు. బెల్లం గొంతులోని నుసిని కరిగిస్తుందని వాళ్ళ నమ్మకం. ముక్క చప్పరించి, ఆడవాళ్ళంతా ఇసకలోకి వంగి గట్టిగా దగ్గి నల్లటి తెమడ ఊసేస్తారు. ఎవరి తెమడ నల్లగా లేకపోతే వాళ్ళ నుసి లోపలే ఉండిపోయిందని పక్కామె వీపు మీద చరుస్తుంది. మాలకొండయ్యకు చిన్నతనం అంటే గుర్తొచ్చేది బెల్లం వాసన వేసే అమ్మ కొంగు.

మందు దేనిలో కలపాలన్న మాట వచ్చినప్పుడు అతను ఒక్క క్షణం కూడా ఆలోచించకుండా బెల్లం పేరు చెప్పాడు. నరహరి బల్ల చరిచి దానికి 'శ్రామిక మధురిమ' అని ఒక పథకం పేరు తగిలించాడు. కంపెనీ తన ఆడబిడ్డలకు పోషకాహారంగా మేలిరకం బెల్లం ఇస్తోందని పత్రికల్లో ఫొటోలు వేయించాడు. బెల్లంలో ఏముందో ఆ ఆడబిడ్డలకు ఎవరూ చెప్పలేదు.

మాలకొండయ్య కూర్చుని లెక్క కట్టాడు. ఒక మనిషికి ఒక ముక్క. ముక్కలో ఇంత మందు. లెక్క అద్దంలా ఉంది.

బెల్లం షెడ్డుకు పోవడానికి రెండు రోజుల ముందు మందు తిన్న ఆరు గినీ పందుల్లో రెండు చచ్చిపోయాయి. కోసి చూస్తే ఒకదాని గాలిగొట్టంలో గడ్డిపరక ఉంది, రెండోదాని ఊపిరితిత్తిలో గింజ పొట్టు. మామూలు జంతువైతే ఒక్క దగ్గుతో బయటికి తోసేసేది. ఇవి తమ గొంతులో ఏదో ఉందని కూడా తెలియకుండానే చచ్చాయి.

అతను ఆ సంగతి నరహరికి చెప్పాడు. చెప్పాడన్నది నిజమే, ఆ మాట అనడం అతనికి తర్వాత చాలా అవసరమైంది.

"మన ఆడవాళ్ళు గడ్డి తింటారా డాక్టరుగారూ?" అన్నాడు నరహరి.

మాలకొండయ్య నవ్వాడు. అధికారి జోకు వేస్తే కింది ఉద్యోగి నవ్వే నవ్వు అది, పళ్ళు మాత్రమే నవ్వుతాయి. ఆ పూటే ప్రయోగశాల పుస్తకంలో ఆ రెండు జంతువుల ఎదురుగా తన చేత్తో 'అజీర్ణం' అని రాసి సంతకం పెట్టాడు.

వారంలో షెడ్డు నిశ్శబ్దమైపోయింది. గోడ మీది ఎర్ర అంకె సగం కాదు, సున్నాకు పడింది. అధికారులొచ్చి పెట్టె చెడిపోయిందేమోనని దాని ముందు నిలబడి తామే దగ్గి చూశారు. పెట్టె బాగానే ఉంది. నరహరి అందరికీ పూతరేకులు పంచాడు. మాలకొండయ్యకు మెడలో దండ వేశారు.

ఇంట్లో అంకమ్మ కూడా పండగ చేసుకుంది. "ఈ కొత్త బెల్లం యాడిదోగానీ మా మేస్త్రీకి పుణ్యముంటది. గొంతు కడిగినట్టయింది" అని కోడలు హైమకు రోజూ చెప్పేది. బెల్లం తిన్నాక ఊయడానికి తెమడ కూడా రావడంలేదని, అందరి ఛాతీలూ శుభ్రపడ్డాయని ఆడవాళ్ళంతా మురిసిపోతున్నారట. తెమడ రాకపోవడమంటే లేకపోవడం కాదని మాలకొండయ్యకు తెలుసు. తెలిసీ పేపరు అడ్డం పెట్టుకున్నాడు.

ఒక ఆదివారం హైమ కారప్పొడి కోసం పెనం మీద ఎండు మిరపకాయలు వేయించింది. ఘాటు ఇల్లంతా కమ్ముకుంది. హైమ దగ్గుతూ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. ముందు గదిలో మాలకొండయ్య కళ్ళ నీళ్ళు కారేలా దగ్గాడు. వంటింటి గడప మీద అంకమ్మ చింతపండు ఈనెలు తీస్తూ కూర్చుంది. ఆవిడ ఒళ్ళో మూడేళ్ళ మనవరాలు పూర్ణ. ఇద్దరి గొంతుల్లోనూ చీమ కుట్టినట్టయినా లేదు. పూర్ణ తండ్రి దగ్గు చూసి చప్పట్లు కొట్టి నవ్వింది, "నాన్న ఖొహ్ ఖొహ్" అని అనుకరించింది కూడా.

మాలకొండయ్య తల్లివైపు చూసి, ఎంత బాగా పనిచేస్తోందో అనుకుని నోట్‌బుక్ తెచ్చి రాసుకున్నాడు. ఒళ్ళో ఉన్న పిల్ల కూడా దగ్గలేదన్న సంగతి అతని కంటికి ఆనలేదు. కిటికీ పక్కన కూర్చుంది కాబట్టి గాలి తగిలిందనుకున్నాడో, అసలేమీ అనుకోలేదో.

రెండు వారాల తర్వాత పూర్ణకు జ్వరం వచ్చింది. తగ్గి మళ్ళీ వచ్చింది. మూడోసారి వచ్చినప్పుడు పిల్ల పెదవులు నీలంగా మారడం చూసి హైమ కేక పెట్టింది. ఒంగోలు తీసుకెళ్ళారు.

పిల్లల డాక్టర్ షహనాజ్ ఎక్స్‌రేను వెలుతురుకి పెట్టింది. కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా ఉంది.

"లోపల ఏదో ఇరుక్కుంది. దాని వెనకంతా చీము పట్టింది. పది పదిహేను రోజుల నాటి సంగతి ఇది. శనక్కాయలో, శనగలో తింటూ ఉక్కిరిబిక్కిరి అయిందా ఎప్పుడన్నా?"

"లేదు మేడమ్" అంది హైమ.

"దగ్గు?"

"ఒక్కసారి గూడా దగ్గలేదు మేడమ్. దగ్గుంటే అప్పుడే తీసుకొచ్చేదాన్ని గదా."

డాక్టర్ ఆశ్చర్యంగా చూసింది. మాలకొండయ్య గోడకు ఆనుకున్నాడు. గాజు పెట్టెలో క్యాబేజీ ఆకు నములుతున్న గినీ పంది అతని కళ్ళ ముందుకొచ్చింది. ఛ, దానికీ దీనికీ ఏం సంబంధం, పాప షెడ్డు మొహం కూడా చూడలేదు అని తనకు తానే సర్దిచెప్పుకున్నాడు.

పిల్లకు మత్తిచ్చి గొట్టం వేసి, ఉబ్బి కుళ్ళిన శనక్కాయ పప్పు బద్ద తీశారు. మరునాటికి తేరుకోవాల్సిన పిల్ల తేరుకోలేదు. లోపలున్న చీమును దగ్గి బయటికి తెచ్చుకోవడంలేదు. డాక్టర్ సన్నటి గొట్టంతో గొంతు వెనక తాకి చూసింది. అయినా దగ్గు లేదు.

"మెదడు నరాల్లో ఏదో లోపం ఉన్నట్టుంది. ఇట్లాగే ఉంటే గొంతుకు రంధ్రం చేసి గొట్టం పెట్టాలి. రేపు మధ్యాహ్నం దాకా చూస్తాను. ఆ గొట్టం జీవితాంతం ఉండొచ్చు" అని చెప్పి వెళ్ళింది.

అప్పుడే అంకమ్మ వచ్చింది. షెడ్డు నుంచి సరాసరి బస్సెక్కి వచ్చినట్టుంది, జుట్టు నిండా పొగాకు నుసి. మంచం మీద కూర్చుని మనవరాలి నుదురు నిమిరింది. పూర్ణ కళ్ళు సగం తెరిచి, చెయ్యి చాపి నాయనమ్మ కొంగు పట్టుకుంది. వేళ్ళతో తడిమి తడిమి కొంగు చివరి ముడి అందుకుంది.

"బెల్లం" అంది, వినీ వినబడనట్టు.

"ఇప్పుడొద్దు నా తల్లి. జొరం తగ్గినాక" అంటూ అంకమ్మ ముడి విప్పి చూపించింది. లోపల సగం కొరికిన బెల్లం ముక్క ఉంది.

మాలకొండయ్యకు షెడ్డు గేటు దగ్గర సాయంత్రం పూట చెడ్డీ ఎగలాక్కుంటూ నిలబడిన పిల్లల గుంపు గుర్తొచ్చింది. గంట కొట్టగానే పరిగెత్తుకెళ్ళి తల్లుల కొంగులు పట్టుకునే గుంపు. ఆ గుంపులో తనూ ఉండేవాడు. తల్లి సగమే తినేది. ఏ తల్లీ ఏనాడూ ముక్క మొత్తం తినలేదు. పిల్లాడికి పెట్టకుండా తీపి ముక్క ఒంటరిగా నోట్లో వేసుకున్న ఆడదాన్ని ఆ షెడ్డులో అతను ఒక్కర్తిని కూడా చూడలేదు. ఒక మనిషికి ఒక ముక్క అని లెక్క కట్టిన ఈ డాక్టర్ ఎమ్‌కే, ఆ కొంగుముడి బెల్లం తిని పెరిగినవాడే. నరహరికి తెలియదంటే అర్థముంది. తనకు తెలియదా?

వరండాలోకి పోయి నరహరికి ఫోన్ చేసి సంగతి చెప్పాడు.

"పాప మన కుటుంబం డాక్టరుగారూ" అన్నాడు నరహరి, గొంతులో తేనె పోసుకుని. "హైదరాబాదు తీసుకుపోదాం, అంతా కంపెనీయే చూసుకుంటుంది. సోమవారం మన లైసెన్సు మీద విచారణ. మూడంటే మూడు రోజులు. అప్పటిదాకా ఆ బెల్లం మాట ఎక్కడా కాగితం మీదకు రాకూడదు. ఒకసారి కేసు షీటులో ఎక్కిందంటే కంపెనీ పోతుంది, మీరూ పోతారు. మంగళవారం పొద్దున్నే చెప్పేయండి, నాకేం అభ్యంతరం లేదు."

"రేపు మధ్యాహ్నం గొంతు కోస్తారండీ."

"గొట్టమేగా. తర్వాత తీసేయొచ్చు."

మాలకొండయ్య ఫోను పెట్టేసి డాక్టర్ గదిలోకి నడిచాడు. తలుపు నుంచి బల్ల వరకూ ఉన్న నాలుగడుగులూ వేయడానికి చాలాసేపు పట్టింది. గినీ పందులు, గడ్డిపరక, బెల్లం, నలభై రోజులు, అంతా చెప్పాడు. డాక్టర్ షహనాజ్ రాసుకుంటూ పోయింది. అయ్యాక తలెత్తి, చెప్పుకు అంటిన దాన్ని చూసినట్టు చూసింది.

"అయితే గొట్టం అక్కర్లేదు. ఆఖరి ముక్క ఎప్పుడు తింది? మొన్ననా? అప్పటినుంచి నలభై రోజులు రెండు గంటలకోసారి వీపు తట్టి, లోపలి తెమడ మిషనుతో లాగాలి. ఆ పిల్ల తరపున మనమే దగ్గాలి. ఊపిరితిత్తి కింది భాగం మాత్రం తిరిగి రాదు. ఇంకెంతమంది తిన్నారీ బెల్లం?"

అతని దగ్గర ఆ లెక్క లేదు.

ఆ లెక్క చెప్పగలిగిన మనిషి వరండా బెంచీ మీద కూర్చుని ఉంది. అతను తల్లి పక్కన కూర్చోలేక ఎదురుగా గొంతుక్కూర్చుని చెప్పాడు. అంతా విన్నాక అంకమ్మ గోడవైపు చూస్తూ మాట్లాడింది.

"మా షెడ్డు రత్తమ్మ మనవడు పోయిన వారం పోయినాడు. జొరమన్నారు. దగ్గు గూడా లేదే, ఎట్ట పోయినాడే అని గుండెలు బాదుకునింది. నేనే ఓదార్చొచ్చినా."

అంకమ్మ కొడుకు వైపు తిరిగింది.

"నా దగ్గు నిన్నేం చేసిందిరా? అది నా దగ్గు. నా లోపల మట్టిని నేను ఊసుకునేదాన్ని. దాన్ని నా గొంతులోంచి ఎత్తకపోతా నన్నొక మాటన్నా అడిగినావా?"

"నీకు మంచి జరుగుతుందనుకున్నానమ్మా."

అంకమ్మ కొంగు ముడి విప్పి, బెల్లం ముక్క అరచేతిలో పెట్టి అతని ముందుకు చాపింది.

"మంచిదైతే తిను."

అతని చెయ్యి లేవలేదు. ఆవిడ కాసేపు అట్లాగే చాపి ఉంచి, తర్వాత ముక్కను కాగితంలో చుట్టి రొంటిన దోపుకుంది. "ఇది ఆ డాక్టరమ్మకిస్తా. పరీక్ష చేయించమంటా" అని లేచింది.

విచారణలో తన నివేదిక ఇస్తానని, ప్రయోగశాల పుస్తకాలన్నీ ముందు పెడతానని అతను వెనకనుంచి అన్నాడు.

"నీ కాగితాలకు ఎదురు కాగితాలు మీ నరహరి కాడ బండెడుంటయ్యి. దగ్గును పలకరింపన్నోళ్ళు వాళ్ళు. సోమారం నన్నే గదా మాట్లాడమన్నారు. నువ్వు నేన్చెప్పిన పని చెయ్యి."

సోమవారం విచారణ జిల్లా కేంద్రంలో ఒక పెద్ద హాల్లో పెట్టారు. వేదిక మీద రిటైరైన జడ్జి ఒకావిడ, ఆవిడకు అటూ ఇటూ ఆరుగురు సభ్యులు. గోడకు కంపెనీవాళ్ళే తెచ్చి బిగించిన చెవిపెట్టె, దాని మీద ఎర్ర సున్నా. ముందు వరసల్లో డైరెక్టర్లు, లాయర్లు, పలకరింపు ప్రొఫెసర్. ఒక పక్కన కొత్త చీరల్లో నలభైమంది షెడ్డు ఆడవాళ్ళు. చీరలు కంపెనీ పెట్టినవే. నరహరి గంటన్నర మాట్లాడాడు. నిషేధాలు కాదు, ఆవిష్కరణలే సమాజాన్ని మారుస్తాయన్నాడు. స్త్రీశక్తి అన్నాడు. నలభై ఐదేళ్ళు పొగాకులో బతికి ఈరోజు ఒక్క దగ్గు కూడా దగ్గని అంకమ్మ తమకు తల్లిలాంటిదన్నాడు.

"రా తల్లీ, నీ ఆరోగ్యం గురించి నాలుగు ముక్కలు చెప్పు."

అంకమ్మ లేచి మైకు దగ్గరికి పోలేదు. పక్క తలుపువైపు చూసింది.

ఆ తలుపవతల వరండాలో సభకు మధ్యాహ్న భోజనాలు వండుతున్నారు. తలుపు తెరుచుకుని మాలకొండయ్య లోపలికొచ్చాడు. రెండు చేతులకూ గుడ్డలు చుట్టుకుని, పొగలు కక్కుతున్న ఇనప పెనం పట్టుకున్నాడు. పెనం నిండా మాడుతున్న ఎండు మిరపకాయలు. తల్లి చెప్పినట్టే దాన్ని తెచ్చి హాలు మధ్యలో బండల మీద దించాడు. రత్తమ్మ లేచి వెళ్ళి ఆ తలుపు మూసి దానికి ఆనుకుని నిలబడింది.

ముందుగా ప్రొఫెసర్ దగ్గాడు. తర్వాత లాయర్లు. తర్వాత ముందు వరస మొత్తం జేబురుమాళ్ళు వెతుక్కుంటూ మెలికలు తిరిగింది. వేదిక మీద జడ్జిగారు ముక్కు మూసుకుని బల్ల మీదికి వంగిపోయింది. మైకు ముందు నరహరి నోరు తెరిచినప్పుడల్లా మాటకు బదులు దగ్గే వచ్చింది, అది మైకులో హాలంతా మోగింది. పెనం పక్కనే నిలబడిన మాలకొండయ్య ఊపిరాడక మోకాళ్ళ మీద కూలబడ్డాడు. మిరపఘాటు దగ్గును లెక్కలోకి తీసుకోవాలో వద్దో తేల్చుకోలేక చెవిపెట్టె కాసేపు తికమకపడింది. తర్వాత డైరెక్టర్ల ఛాతీల అడుగునుంచి వస్తున్న అసలు దగ్గు గుర్తుపట్టింది. సొంత సరుకు ముప్పై ఏళ్ళు పీల్చిన ఛాతీలు మరి. గోడ మీది సున్నా పది అయింది, నలభై అయింది, వంద దాటింది.

ఒక పక్కన నలభైమంది ఆడవాళ్ళు కొత్త చీరల్లో కదలకుండా కూర్చున్నారు. అందరి కళ్ళ నుంచీ నీళ్ళు కారుతున్నాయి. ఒక్కరూ దగ్గలేదు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చిన పిల్లలు ముగ్గురున్నారు. వాళ్ళు కూడా దగ్గలేదు.

ఎవరో కిటికీలు తెరిచారు. ఘాటు తగ్గేసరికి జడ్జిగారు కళ్ళు తుడుచుకుంటూ ఆ పిల్లలవైపు చూసింది.

"ఆ బిడ్డలెందుకు దగ్గడంలేదు?"

"ఈయన కంపెనీ బెల్లం తిన్నారమ్మా" అంది అంకమ్మ నరహరిని చూపిస్తూ. "నా మనవరాలు తినింది, ఆసుపత్రిలో ఉంది. ఆ రత్తమ్మ మనవడు తిన్నాడు, మట్టిలో ఉండాడు. మందు కలిపింది వీడు, నా కొడుకే. అడగండి వాణ్ణి."

మాలకొండయ్య నేలమీద నుంచే చెప్పడం మొదలుపెట్టాడు.

లైసెన్సు రద్దయింది. నరహరిగారు మాత్రం ఊరికే కూర్చునే మనిషి కాదు. మరునాడే ఒక ప్రకటన వచ్చింది. మిరప పొగవల్ల ప్రజారోగ్యానికి వాటిల్లే ముప్పు గురించి కంపెనీ తీవ్ర ఆందోళన వ్యక్తం చేసింది, దాని మీద పరిశోధనకు ఒక సంస్థ పెడతామంది. బెల్లం సంగతి తమకు తెలియదని, అది ఒక ఉద్యోగి సొంత పైత్యమని కోర్టుకు చెప్పింది. సాక్ష్యంగా ప్రయోగశాల పుస్తకంలోని పేజీ చూపించింది. 'అజీర్ణం', కింద మాలకొండయ్య సంతకం. ఆర్నెల్లు తిరక్కుండానే అదే డైరెక్టర్లతో, అదే షెడ్డులో, వేరే పేరుతో వేరే కంపెనీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకుంది.

అదంతా తర్వాతి మాట. ఈలోగా నలభై రోజులు మాలకొండయ్య, హైమ వంతులేసుకుని పిల్ల వీపు తట్టారు. గొంతులో గొట్టం వేసి తెమడ లాగారు. గొట్టం వేసిన ప్రతిసారీ పూర్ణ తండ్రి చేతుల్లోంచి పెనుగులాడేది. జైల్లో పెడితే ఈ పనికి ఒక మనిషి తగ్గుతాడని డాక్టర్ షహనాజ్ కోర్టుకు ఉత్తరం రాసింది, అందుకే అతనికి బెయిలొచ్చింది. అంతకుమించి అతని మీద ఆవిడకు ఏ గౌరవమూ లేదు.

నలభై రెండో రోజు సాయంత్రం అద్దె ఇంటి గడప మీద హైమ పిల్లకు అన్నం పెడుతోంది. మెతుకు ఒకటి అడ్డం పడింది. పూర్ణ మొహం ఎర్రబడింది, చిన్న ఛాతీ ఎగిరింది, దగ్గింది. మళ్ళీ దగ్గింది. మెతుకు బయట పడింది. హైమ కంచం వదిలేసి పిల్లను గుండెలకు అదుముకుని భోరుమంది. తలుపు వెనక నిలబడిన మాలకొండయ్యకు దగ్గరికి పోవాలని ఉంది. పోలేదు.

అదే సమయానికి వీధి మొగ నుంచి దగ్గు వినబడింది. గిన్నెలు కదిలించే ఆ పాత దగ్గు. అంకమ్మ ఇప్పుడు వేరే షెడ్డుకు పోతోంది, కూలి లేకపోతే ఇల్లు నడవదు. గుమ్మం ముందు ఆగి, వంగి, మట్టిలో నల్లగా ఊసి, లోపలికొచ్చింది.

పూర్ణ తల్లి ఒళ్ళోంచి జారి పరిగెత్తింది. నాయనమ్మ కాళ్ళకు చుట్టుకుని, అలవాటుగా కొంగు అందుకుని చివరిదాకా వేళ్ళతో తడిమింది. ముడి లేదు. రెండో చివర వెతికింది, అక్కడా లేదు. మొహమెత్తి చూసింది.

"లేదమ్మా" అంది అంకమ్మ. "ఆ షెడ్డోళ్ళిచ్చిన ముక్క వాళ్ళ మొహానే కొట్టొచ్చినా."

ఆవిడ కొంగు చివర ఏళ్ళ తరబడి ముడి వేసి వేసి నలిగిన చోటు గట్టిగా, నల్లగా ఉంది. పిల్ల ఆ చోటును నోట్లో పెట్టుకుని చప్పరించింది. అంకమ్మ మెల్లగా దాన్ని పిల్ల నోట్లోంచి లాగేసి, కొంగు నడుముకు దోపుకుంది.